ఫీజు గడువు ఏప్రిల్‌లో, స్కాలర్‌షిప్ కబురు ఆగస్టులో: ఒడిశా సరిహద్దు నుంచి ఒక బహిరంగ లేఖ

బిజినెస్ స్కూళ్ళ అడ్మిషన్ల కమిటీల, ఆర్థిక సహాయ కమిటీల పెద్దలకు,
ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యా శాఖల, సంక్షేమ శాఖల అధికారులకు,
రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో విద్యారుణాలు చూసే బ్యాంకు మేనేజర్లకు,

నమస్కారం.

వంశధార పక్కన, ఒడిశా వైపు, ఒక ఊళ్ళో మా ఇల్లు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, నాన్న కిరాణా కొట్లో ఆ రెండూ కాక కొండ మీది గిరిజనుల భాష సవర. ఇంటర్, డిగ్రీ శ్రీకాకుళం జిల్లాలో హాస్టల్లో ఉండి చదివాను. 2024 నవంబరు 24న ఎంబీఏ సీట్లకి పెట్టే క్యాట్ పరీక్ష రాశాను. ఒక స్కూల్లో సీటు వచ్చింది. డబ్బు కట్టి కూడా వదులుకున్నాను. 2025 నవంబరు 30న మళ్ళీ రాశాను.

ఈ రెండు పరీక్షల మధ్య మీకు విడివిడిగా అర్జీలు పెట్టుకున్నాను. స్కూలు నుంచి ‘మీ మెయిల్ అందింది’ అని కంప్యూటర్ తనంతట తాను పంపే జవాబు వచ్చింది, అంతే. ఒడిశా ప్రభుత్వం ఫిర్యాదులు తీసుకునే జన శుణాణి పోర్టల్లో పెట్టిన ఫిర్యాదు పక్కన నెల తిరక్కుండా ‘డిస్పోజ్డ్’ అని పడింది. ఏం పరిష్కరించారో నాకు తెలియదు, రాసినవాళ్ళకి తెలిసుండాలి. బ్యాంకులో అర్జీ తీసుకున్నారు కానీ రశీదు ఇవ్వలేదు. సోమవారం గ్రీవెన్సుకి రెండుసార్లు వెళ్ళాను. అక్కడి అధికారి ఓపిగ్గా విన్నారు, కాగితం మీద సంతకం చేసి కింది ఆఫీసుకి పంపారు. ఆ కాగితం ఏ ఆఫీసు నుంచి వచ్చిందో ఆ ఆఫీసుకే తిరిగి వెళ్ళింది.

అందుకే అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. ఎవరి పేరూ పెట్టడం లేదు. ఆ ఒక్క స్కూలో ఆ ఒక్క బ్యాంకో మారితే సరిపోయేది కాదిది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మేం కట్టాల్సిన డబ్బుకి ముందు తేదీ వేస్తున్నారు, మీరిచ్చే సాయం సంగతి తర్వాత చెప్తున్నారు. అయ్య వచ్చేదాకా అమావాస్య ఆగదంటారు, నిజమే. కానీ అమావాస్య ఎప్పుడో పంచాంగంలో ఉంటుంది కదా, అయ్యని ఒకరోజు ముందు రమ్మనడానికి ఏం అడ్డం?

మా పద్దు పుస్తకం సంగతి కాస్త చెప్పనివ్వండి, లేకపోతే ఈ తేదీల గొడవ మీకు చాదస్తంలా అనిపిస్తుంది. పొడుగ్గా, ఎర్ర గుడ్డ అట్టతో ఉంటుంది. కొండ మీది సవర ఊళ్ళవాళ్ళు ఉప్పు, నూనె, సబ్బులు, ఎండు చేప అరువు పట్టుకెళ్తారు. నాన్న మనిషి పేరు, ఊరి పేరు తెలుగులో రాసి పక్కన బాకీ వేస్తాడు. తీరిస్తే అడ్డంగా గీత. జనవరి నుంచి మార్చి దాకా పేజీ మీద గీతే ఉండదు. జీడిపిక్కలు అమ్ముడవడం మొదలయ్యాక, ఏప్రిల్ ఆఖరు నుంచి ఒక్కో గీతా పడుతుంది. జూన్‌లో మొదటి వానలకి పేజీలన్నీ గీతలే. అంటే మా ఇంట్లో ఏడాది మొత్తం మీద చేతిలో డబ్బు ఆడని రోజులు మార్చి, ఏప్రిల్. మీ సీటు ఉత్తరాలు వచ్చేది సరిగ్గా అప్పుడే.

నాకు 2025 ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది. పది రోజుల్లో లక్ష రూపాయలు కడితే సీటు ఖాయం, లేకపోతే జాబితాలో తర్వాతివాళ్ళకి. స్కాలర్‌షిప్ గురించి ఫోన్ చేసి అడిగాను. “క్లాసులు మొదలయ్యాక దరఖాస్తు పెట్టుకోండి, ఆగస్టులో కమిటీ కూర్చుంటుంది” అన్నారు, చాలా మర్యాదగానే. అమ్మ గాజులు తాకట్టుకి వెళ్ళాయి. ఆ రాత్రి నాన్న పద్దు పుస్తకం ఆఖరి పేజీలో నా పేరు రాసి పక్కన లక్ష వేశాడు. “బాకీ అని కాదమ్మా, గుర్తుకి” అన్నాడు. తర్వాత ఏమైందో కింది అంశాల్లో ఎక్కడిదక్కడ చెప్తాను.

1. సీటు ఉత్తరంలోనే సాయం ఎంతో రాయండి.

క్యాట్ ప్రకటన జూలై ఆఖర్లో వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో దరఖాస్తులు, నవంబరు ఆఖరి ఆదివారం పరీక్ష, డిసెంబరులో ఫలితం, ఆ తర్వాత ఇంటర్వ్యూలు, ఏప్రిల్, మే నెలల్లో సీట్లు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి సీటు దాకా ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో మా పదో తరగతి మార్కులు అడుగుతారు, డిగ్రీ మార్కులు అడుగుతారు, ఐదేళ్ళ తర్వాత ఏమవుదామనుకుంటున్నావని అడుగుతారు. ఇంట్లో ఆదాయం ఎంత అని మాత్రం సీటు ఇచ్చేదాకా అడగరు. కులం కాగితాలు దరఖాస్తులోనే పెట్టించుకోగలిగినవాళ్ళు ఆదాయం కాగితం పెట్టించుకోలేరా?

స్కూలు ఎంచుకోవడం అంటే మాకు ఈ లెక్కే. ఐఐఎం అహ్మదాబాద్‌లో రెండేళ్ళ ఫీజు పాతిక లక్షలు దాటింది. ఢిల్లీ యూనివర్సిటీ బిజినెస్ స్కూలు ఎఫ్‌ఎంఎస్‌లో రెండేళ్ళకి మూడు లక్షల లోపే. ఈ రెంటి మధ్య ఎన్నో స్కూళ్ళు. బోర్డు మీది ఫీజు ఒకటి, సాయం పోను నిజంగా మేం కట్టేది ఇంకొకటి. రెండోది తెలియకుండా జాబితా ఎలా రాసుకోవాలి? అవసరాన్ని బట్టి సాయం చేసే స్కూళ్ళు ఉన్నాయి, వాటిలో పెద్ద ఐఐఎంలూ ఉన్నాయి. ఆ సంగతి తెలియక ‘పాతిక లక్షలట’ అని విని దరఖాస్తే పెట్టని పిల్లలు మా వీధిలో ఉన్నారు. క్యాట్‌కి నేను కట్టింది మొదటిసారి 2,500, రెండోసారి 2,600. ఎస్సీ, ఎస్టీలకి, దివ్యాంగులకి సగమే, నాలాంటి ఓబీసీలకి మొత్తం. ఇంకో ప్రవేశ పరీక్ష ఎక్స్‌ఏటీకి 2,200. ఆ పైన ఒక్కో స్కూలు ఫారానికి ఒక్కో రేటు. తెలియని జాబితా కోసం కట్టే ప్రతి వెయ్యీ పద్దు పుస్తకంలో ఒకరి నెల బాకీ.

అడిగేది ఇది: ఇంటర్వ్యూ నాటికి ఆదాయ వివరాలు తీసుకోండి, సీటు ఉత్తరంలోనే ‘మీ కాగితాలు సరిపోతే ఇంత సాయం, మీరు కట్టాల్సింది ఇంత’ అని అంచనా రాయండి. కాగితాలు తేలకపోతే అంచనా చెల్లదని అందులోనే రాసుకోండి, మాకు అభ్యంతరం లేదు. అది కుదరదంటే మొదటి వాయిదా గడువైనా కమిటీ కూర్చున్న వారం తర్వాతకి జరపండి.

2. మీరు ఆలస్యంగా చెప్పే లోపు ఏజెంటు ముందే చెప్పేస్తున్నాడు.

బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు చూస్తుంటాం: డైరెక్ట్ అడ్మిషన్, 50 శాతం స్కాలర్‌షిప్. ఏజెంటుకి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో అంకె చెప్తాడు. ఫీజు 12 లక్షలు, మీకు ఆరుకే. ఆ కాలేజీలో 12 లక్షలు కట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే మాట మారుస్తాడు. ముందు పెంచి, తర్వాత తగ్గించి, తగ్గించినదానికి స్కాలర్‌షిప్ అని పేరు పెట్టడం మా బజారులో చీరలమ్మేవాళ్ళకి కొత్త విద్యేం కాదు. కానీ ఏప్రిల్‌లో, తాకట్టుకి వెళ్ళే ముందు, తండ్రికి కావాల్సింది ఒక అంకె. అది ఏజెంటు దగ్గర ఉంది, మీ దగ్గర లేదు. మంచి స్కూలు ఆగస్టు దాకా మాట దాచుకోవడం వల్ల చెడ్డ కాలేజీకి దారి సుళువవుతోంది. గత ఏడాది నాతో పాటు క్యాట్‌కి చదివిన ఇద్దరు ఆ దారిలోనే వెళ్ళారు. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

3. వెంకట, బెంకట ఒక్కరే.

నాన్న పేరులో ‘వెంకట’ ఉంది. ఆధార్‌లో వెంకట, నా డిగ్రీ కాగితాల్లో వెంకట. ఒడియాలో రాస్తే అది బెంకట అవుతుంది, అక్కడ ‘వ’ని ‘బ’గా రాయడం, పలకడం మామూలు. శ్రీనివాస్ శ్రీనిబాస్ అయినట్టే. తహసీల్ నుంచి వచ్చిన ఆదాయ ధ్రువపత్రంలో ఇంగ్లీషు అక్షరాల్లో కూడా బెంకట అని వచ్చింది. దానికి తోడు మన ఇంటిపేరు ముందుంటుంది, ఫారంలో ‘చివరి పేరు’ గడిలో అది చేరుతుంది. మూడు కాగితాల్లో మా నాన్న ముగ్గురు మనుషులు. పత్రం సరిచేయించడానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ దగ్గరకి నాలుగుసార్లు తిరిగాం, తొమ్మిది వారాలు పట్టింది. ఈలోగా, ముందుగానే పంపి చూసిన కాగితాలకి స్కూలు స్కాలర్‌షిప్ విభాగం ‘పత్రాల్లో తేడా ఉన్నందున పరిశీలించలేము’ అని ఒక వాక్యం పంపింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఒడిశా వైపు, పాతపట్నం తెలుగు వైపు పడ్డాయి. అప్పట్నించీ రెండు వైపులా పేర్లు ఇలాగే రెండు రకాలుగా రాస్తున్నారు, తొంభై ఏళ్ళు కావస్తోంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్తూ, సవరల మాట నేర్చుకుని, ఆ భాషకి నిఘంటువు చేశారు. అదే ఊళ్ళ పిల్లలం మేం, ఒక్క అక్షరం తేడాకి తొమ్మిది వారాలు తిరుగుతున్నాం.

అధికారులని అడిగేది: సరిహద్దు తహసీళ్ళలో ఇచ్చే ఆదాయ, నివాస, కుల పత్రాల మీద పేరు ఆధార్‌లో ఉన్న ఇంగ్లీషు స్పెల్లింగ్‌తోనే ఉండాలని ఉత్తర్వు ఇవ్వండి. స్కూళ్ళని అడిగేది: ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ పెడితే ఒప్పుకోండి. తేడా ఉందని తిప్పికొట్టే ముందు ఒక్క ఫోన్ చేయండి.

4. ఆదాయం ఒకటే, గీతలు మూడు.

పదో తరగతి తర్వాతి చదువులకి ఇచ్చే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి. చదువుకునే కాలానికి విద్యారుణం మీద పూర్తి వడ్డీ రాయితీకి నాలుగున్నర లక్షలు. ఓబీసీ రిజర్వేషను దక్కాలంటే ఉండాల్సిన నాన్‌క్రీమీలేయర్ పత్రానికి, ఎస్సీ విద్యార్థుల టాప్‌క్లాస్ పథకానికి ఎనిమిది లక్షలు. లెక్కకట్టే తీరూ ఒక్కటి కాదు. స్కూళ్ళేమో ఇవన్నీ పక్కన పెట్టి ఆదాయపన్ను రిటర్నులు అడుగుతాయి. నాన్న రిటర్ను ఎప్పుడూ వేయలేదు. ఇందులో మా తప్పు కూడా ఉంది, దాచను. పన్ను పడేంత ఆదాయం లేకపోయినా రిటర్ను వేసుకోవచ్చని, అది పిల్లల చదువుకి అక్కరకొస్తుందని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఈ ఏడాది వేయించాను. కానీ స్కూలు కొన్నేళ్ళవి వరసగా కావాలంటే పాతవి ఎక్కణ్ణుంచి తేవాలి? రిటర్ను లేనివాళ్ళకి తహసీల్ ఆదాయ పత్రం, బ్యాంకు పాస్‌బుక్కు చాలని మీ నిబంధనల్లో ఒక వాక్యం చేర్చండి.

5. సీటుకి లోకల్, ఫీజుకి పరాయి.

రాజ్యాంగం 371-డి కింద వచ్చిన ఉత్తర్వుల ప్రకారం, నాలుగేళ్ళు వరసగా అక్కడ చదివినందుకు నేను ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలో లోకల్. ఆంధ్రా ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళవి, కాబట్టి సీటు దొరుకుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు గురించి అడిగితే, మీ రేషన్ కార్డు ఒడిశాది కదమ్మా అన్నారు. వాళ్ళ లెక్కలో వాళ్ళది సబబే, ఆంధ్రా డబ్బు ఆంధ్రా ఇళ్ళకే. మరి ఒడిశా?

నా స్నేహితురాలు ఎస్సీ. ఎస్సీ, ఎస్టీ పిల్లలు వేరే రాష్ట్రంలో చదివినా పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ సొంత రాష్ట్రమే ఇవ్వాలి. తనకి విశాఖ కాలేజీలో ఎంబీఏ సీటు. జనసేవా కేంద్రంలో కూర్చుని పోర్టల్ తెరిచాం. రాష్ట్రం ఎంచుకునే చోట ఆంధ్రప్రదేశ్ ఉంది, జిల్లా ఉంది, కాలేజీల జాబితాలో ఆ కాలేజీ పేరు లేదు. పైకీ కిందకీ జరిపి చూశాం, స్పెల్లింగ్ మార్చి వెతికాం. కేంద్రం నడిపే అబ్బాయి, “కాలేజీవాళ్ళు ఇక్కడ నమోదు చేసుకోవాలి దీదీ” అన్నాడు. కాలేజీవాళ్ళు, మీ ప్రభుత్వం మాకు రాయాలి అన్నారు. మధ్యలో పోర్టల్ మూసేసే తేదీ దాటిపోయింది. రెండు ప్రభుత్వాలూ ఉత్తరాలు రాసుకోవడానికి ఒక విద్యార్థిని పోస్ట్‌మ్యాన్‌గా తిరగాలా?

కుల జాబితాలదీ ఇదే కథ. కేంద్ర ఓబీసీ జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. పాతపట్నంలో ఉన్న బంధువుకి ఉన్న రిజర్వేషను పర్లాకిమిడిలో ఉన్నవాళ్ళకి ఉండకపోవచ్చు. దాన్ని ఇప్పుడు మార్చమని అడగడం లేదు, అది పెద్ద విషయం. ఏ కులం ఏ జాబితాలో ఉందో సరిహద్దు తహసీళ్ళ గోడ మీద తెలుగులో, ఒడియాలో రాసి పెట్టండి చాలు. సీటు వచ్చాక ధ్రువపత్రం చెల్లలేదని ఇంటికొచ్చే పిల్లలు తగ్గుతారు.

అసలు కోరిక ఇది: ఒడిశా సంక్షేమ శాఖ, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం, విజయనగరం, విశాఖ జిల్లాల ఎంబీఏ కాలేజీలను తనంతట తానే పోర్టల్లో చేర్చాలి. పేరు కనబడకపోతే కాగితం మీద దరఖాస్తు తీసుకుని తేదీ ముద్ర వేయాలి, గడువు ఆ తేదీ నుంచే లెక్క కావాలి.

6. బ్యాంకులకి.

మా ఊరి బ్రాంచిలో, “కాలేజీ అటువైపు కదా, కాలేజీ దగ్గరి బ్రాంచికి వెళ్ళండి” అన్నారు. కాలేజీ దగ్గరి బ్రాంచిలో, “తల్లిదండ్రులు ఎక్కడుంటే అక్కడ తీసుకోవాలి” అన్నారు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. బ్రాంచి పరిధిలో ఇల్లు లేదన్న కారణం మీద విద్యారుణం దరఖాస్తు తిప్పిపంపకూడదని రిజర్వ్ బ్యాంకు 2012 నవంబరులోనే బ్యాంకులకి సర్క్యులర్ పంపింది. ఈ మాట అన్నాక మేనేజరుగారు ఫారం ఇచ్చారు. ముందే అని ఉంటే మూడు వారాలు మిగిలేవి.

ఫారం తర్వాత హామీ. బ్యాంకుల సంఘం రాసిపెట్టిన నమూనా విద్యారుణ పథకంలో నాలుగు లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు, ఏడున్నర దాటితే ఆస్తి. మా ఇల్లు ఏజెన్సీలో ఉంది. బ్యాంకు లాయరు దస్తావేజు చూసి, 1956 నాటి 2వ రెగ్యులేషన్ వర్తించే ప్రాంతం, తాకట్టుకి కుదరదు అన్నారు. ఆ రెగ్యులేషన్ ఉండాల్సిందే. గిరిజనుల భూమి బజారు షావుకార్ల చేతికి పోకుండా ఆపుతున్నది అదే, బజారులో కొట్టున్న ఇంటిపిల్లగా నాకు బాగా తెలుసు. నేననేది, తాకట్టే వద్దన్న పథకం ఉండగా లాయరు దాకా ఎందుకు పంపారని. పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 6న ఆమోదించింది. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో (అప్పటికి 860) సీటు వస్తే తాకట్టు లేకుండా, హామీదారు లేకుండా అప్పు ఇవ్వాలి. ఏడున్నర లక్షల దాకా అప్పులో 75 శాతానికి ప్రభుత్వ గ్యారంటీ. ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపుంటే పది లక్షల దాకా అప్పు మీద, చదువుకునే కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ, ఏడాదికి లక్షమందికి. ఈ సంగతులు నాకు సెల్‌ఫోన్లో చదివితే తెలిశాయి. బ్రాంచి గోడ మీద బంగారం రుణాల పోస్టరు మాత్రమే ఉంది.

ఎంబీఏ రాసేవాళ్ళు ఎవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే, దరఖాస్తు పెట్టే ముందే ఆ జాబితాలో మీ స్కూలు ఉందో లేదో చూసుకోండి. నేను చూసుకోలేదు. నాది అందులో లేదు.

అప్పు దొరికినా ఎంత బరువో చెప్తాను. పది లక్షలు, పది శాతం వడ్డీ, పదేళ్ళ వాయిదాలు అనుకుంటే నెలకి 13,200 పైచిలుకు. చదువుకునే రెండేళ్ళ వడ్డీ అసలులో కలిస్తే ఇంకా ఎక్కువ. మా కొట్టు నెలంతా తెరిస్తే మిగిలేది దాదాపు అంతే.

బ్యాంకులని అడిగేది: విద్యారుణం అర్జీకి ఆ రోజే రశీదు, కాదంటే కారణం రాతపూర్వకంగా. మాట మీద కాదనడం మానండి.

7. జీతాల లెక్క మీడియన్‌లో చెప్పండి.

ఐదుగురిలో నలుగురికి ఆరు లక్షలు, ఒకరికి 30 లక్షలు వస్తే సగటు 10 లక్షల 80 వేలు. బ్రోచర్ మీద ఆ అంకె. వరసలో మధ్యన నిలబడ్డవాడికి వచ్చేది ఆరే, మీడియన్ అంటే అది. అప్పు కట్టాల్సింది ఆ మధ్యవాడు. కేంద్రం కాలేజీలకి ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు కోసం మీరిచ్చే వివరాల్లో మీడియన్ జీతం, ఉద్యోగాలొచ్చినవాళ్ళ సంఖ్య రెండూ ఉంటాయి, వాటిని మీ వెబ్‌సైట్లలో కూడా పెట్టాలి. అడుగున ఎక్కడో పెట్టారు. ఐఐఎం అహ్మదాబాద్ ప్లేస్‌మెంట్ లెక్కలకి ఒక ప్రమాణం తయారుచేసి, తన నివేదిక ఆడిట్ చేయించి మరీ పెడుతోంది. మిగతావాళ్ళకి ఏమైంది? బ్రోచర్ మొదటి పేజీలో మూడు అంకెలు చాలు: మొత్తం ఫీజు, మీడియన్ జీతం, గత ఏడాది ఎంతమందికి ఎంత సాయం ఇచ్చారు.

8. వదిలేసినవాళ్ళ డబ్బు వెంటనే ఇవ్వండి.

అప్పు తేలక, స్కాలర్‌షిప్ అందక, క్లాసులు మొదలవకముందే జూన్‌లో సీటు వదిలేశాను. అలా వదిలితే వెయ్యి రూపాయలకి మించి పట్టుకోకూడదని సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నిబంధన. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదనీ ఉంది. నాకు 99,000 వెనక్కి వచ్చాయి. అంకె సరిగ్గానే ఉంది. వచ్చింది నవంబరులో. ఐదు నెలలు గాజుల మీద వడ్డీ నడిచింది, దాన్ని నిబంధనలో ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు. నాన్న మాత్రం పద్దు పుస్తకం ఆఖరి పేజీలో నా పేరు మీద గీత కొట్టాడు, పక్కనే వెయ్యి అని కొత్తగా వేశాడు. నవ్వుతూనే వేశాడు.

ఇవీ నా ఎనిమిది అంశాలు. వీటిలో కొత్త పథకం అడిగింది ఒక్కటీ లేదు. కొత్త నిధులు అడిగిందీ లేదు. ఉన్న డబ్బుని ఉన్న నియమాల ప్రకారం, ఫీజు గడువుకి ముందు తేల్చమంటున్నాను. కనీసం మొదటిది, మూడోది, ఆరోది ఈ ఏడాదే చేయొచ్చు. వాటికి కావాల్సింది ఒక సర్క్యులర్, ఒక తేదీ.

రాజ్యాంగం 350-బి కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు పదవి ఉంది. ఈ ఉత్తరం ప్రతి ఆ ఆఫీసుకీ పంపుతున్నాను. ఒడిశాలో తెలుగువాళ్ళ సంగతి అనగానే బడులు, పాఠ్యపుస్తకాలు గుర్తొస్తాయి, అవీ కావాలి. కానీ మా తరానికి భాష అడ్డు తగులుతున్నది ధ్రువపత్రాల దగ్గర, పోర్టళ్ళ దగ్గర. దాన్నీ మీ పనిగా చూడమని కమిషనరుగారికి మనవి.

జవాబుకి గడువు పెట్టడం చిన్నదాన్ని కనుక మర్యాద కాదేమో, అయినా మీరు మాకు పది రోజులు ఇచ్చారు కదా. ముందు మార్చి 31 అనుకున్నాను. ఆ రోజు బ్యాంకులకి సంవత్సరాంతం లెక్కలు, మర్నాడు ఒడిశా అవతరణ రోజు, ఉత్కళ దివస్ సెలవు. అందుకని మార్చి 25. అప్పటికి స్కూళ్ళ నుంచి మొదటి అంశానికి అవుననో కాదనో ఒక్క మాట వస్తే, ఈసారి సీటు ఉత్తరం వచ్చినప్పుడు గాజులు మళ్ళీ తీయాలో వద్దో ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటాం.

ఇట్లు,
వంశధార ఒడ్డు నుంచి,
రెండోసారి క్యాట్ రాసిన ఒక కిరాణా కొట్టు ఇంటి అమ్మాయి

జత చేసినవి: ఆదాయ ధ్రువపత్రాలు రెండు (వెంకట ఒకటి, బెంకట ఒకటి), ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్, ‘డిస్పోజ్డ్’ అని వచ్చిన ఫిర్యాదు నకలు, గాజుల తాకట్టు రశీదు, పద్దు పుస్తకం ఆఖరి పేజీ ఫొటో.